సెఫ్‌లో ఓఎస్‌డీలు ఏం మాట్లాడుకుంటాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

సెఫ్ అంటే చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌గా నడిపే సాఫ్ట్‌వేర్. అలా కలిసిన సర్వర్ల గుంపే క్లస్టర్. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు దాని గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, అర్ధరాత్రి ఫోన్ మోగాక నిద్రమత్తులో చెప్పడం కన్నా ముందే రాసి పెట్టడం సుఖం. ఇక్కడి అంకెలన్నీ డీఫాల్ట్ విలువలు. మీ క్లస్టర్‌లో ఎవరైనా మార్చి ఉండొచ్చు, చూసుకోండి. ఇంకో మాట: చాలా సమాధానాలు తిరిగి తిరిగి నెట్‌వర్క్ దగ్గరికే వస్తాయి. అది నా పిచ్చి కాదు. స్టోరేజ్‌లో నింద ఎప్పుడూ డిస్క్ మీదే పడుతుంది, కేబుల్‌నీ స్విచ్‌నీ ఎవరూ అనుమానించరు.

## ఓఎస్‌డీ అంటే డిస్కా, ప్రోగ్రామా?

ప్రోగ్రామ్. ఆబ్జెక్ట్ స్టోరేజ్ డీమన్, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తూ డిస్క్‌లో డేటా రాసే, చదివే ప్రోగ్రామ్. మామూలుగా ఒక డిస్క్‌కి ఒక ఓఎస్‌డీ ఉంటుంది కాబట్టి మాటల్లో రెండూ కలిసిపోతాయి. ఎవరైనా "ఓఎస్‌డీ 47 పోయింది" అన్నప్పుడు డిస్క్ పోయిందా, ప్రాసెస్ పోయిందా, సర్వరే పోయిందా, లేక అన్నీ బాగానే ఉండి దానికి వెళ్లే దారి పోయిందా అని అడగడం అలవాటు చేసుకోండి. పైనుంచి చూస్తే నాలుగింటికీ లక్షణం ఒక్కటే.

## మధ్యలో ఎవరినీ అడగకుండా డేటా ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

సెఫ్ పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. సేజ్ వైల్ శాంటా క్రజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు, 2006లో, సెఫ్ మీదా క్రష్ అనే అల్గారిథమ్ మీదా పేపర్లు వచ్చాయి. పాత పద్ధతిలో ఏ ఫైల్ ఏ డిస్క్‌లో ఉందో రాసుకున్న ఒక పెద్ద పట్టిక ఉండేది. ప్రతివాళ్లూ ముందు ఆ పట్టిక దగ్గర క్యూ కట్టాలి. సెఫ్‌లో ఆ కౌంటర్ లేదు. అందరి దగ్గరా క్లస్టర్ మ్యాప్, అంటే ఏ ఓఎస్‌డీలు ఉన్నాయో, ఏవి పనిచేస్తున్నాయో చెప్పే జాబితా ఉంటుంది. లెక్క అందరికీ వచ్చు. ఎవరు వేసినా ఒకే జవాబు.

లెక్క రెండు మెట్లు. ఆబ్జెక్ట్ (సెఫ్ దాచే డేటా ముక్క) పేరుని హ్యాష్ చేస్తే, అంటే లెక్క కట్టి ఒక అంకెగా మారిస్తే, ఏ పీజీలోకి వస్తుందో తేలుతుంది. (పీజీ అంటే అమీర్‌పేట హాస్టల్ కాదు, ప్లేస్‌మెంట్ గ్రూప్. హాస్టల్ గదిలాగే కొన్ని వేల ఆబ్జెక్టులు ఒక దాంట్లో సర్దుకుంటాయి, అంతవరకే పోలిక.) ఆ పీజీ నంబర్‌నీ మ్యాప్‌నీ క్రష్‌కి ఇస్తే ఓఎస్‌డీల వరస ఇస్తుంది, ఉదాహరణకి 12, 47, 80. మొదటిది ప్రైమరీ. క్లయింట్ (డేటా రాయడానికో చదవడానికో వచ్చే ప్రోగ్రామ్) నేరుగా దాని తలుపే తడుతుంది.

## అలాంటప్పుడు మానిటర్లు ఎందుకు?

మానిటర్ అంటే స్క్రీన్ కాదు, మ్యాప్‌ని కాపాడే డీమన్. అందరి దగ్గరా ఉన్న మ్యాప్ ఒక్కటే అని హామీ ఇవ్వడానికి. మూడు లేదా అయిదు మానిటర్లు పాక్సోస్ పద్ధతిలో తమలో తాము ఒప్పుకుని మ్యాప్‌ని మారుస్తాయి. మారిన ప్రతిసారీ దాని ఎపాక్ నంబర్ ఒకటి పెరుగుతుంది. డేటా వాటి గుండా అసలు వెళ్లదు.

కొత్త మ్యాప్ వచ్చిందని మానిటర్లు ప్రతి ఓఎస్‌డీకీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పవు. కొన్నిటికి చెబుతాయి, మిగతాది ఊళ్లో కబురు పాకినట్టు పాకుతుంది. ఓఎస్‌డీలు పంపుకునే మెసేజ్‌ల వెంట ఎపాక్ నంబర్ వెళుతుంది. ఎదుటి ఓఎస్‌డీది పాతదని తేలితే, కొత్తది ఉన్నదే మధ్యలో వచ్చిన మార్పులన్నీ దానికి ఇచ్చేస్తుంది. పాత మ్యాప్ పట్టుకుని తప్పు ఓఎస్‌డీ దగ్గరికి వచ్చిన క్లయింట్ కూడా కొత్త మ్యాప్ అందుకుని, లెక్క మళ్లీ వేసి, సరైన చోటికి వెళుతుంది.

ఇది ఉచితం కాదు. 2015లో సెర్న్ (యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు సుమారు 7,200 ఓఎస్‌డీలతో, 30 పెటాబైట్ల క్లస్టర్ కట్టి పరీక్షించినప్పుడు ఇబ్బంది పెట్టినవాటిలో ఈ మ్యాపులే ముఖ్యమైనవి. అంత క్లస్టర్‌లో మ్యాపే మెగాబైట్లలోకి వెళుతుంది, మార్పులు వరసగా వస్తుంటే పాత మ్యాపులు మెమరీలో పేరుకుంటాయి. మన దగ్గర ఉన్న వంద, రెండొందల ఓఎస్‌డీలకి ఈ టెన్షన్ అక్కర్లేదు.

## నేను ఒక 4 ఎంబీ ఆబ్జెక్ట్ రాశాను. లోపల ఏం జరిగింది?

పూల్‌లో (ఒకే నియమాలతో డేటా దాచే విభాగం) మూడు కాపీలు, వరస 12, 47, 80 అనుకుందాం.

క్లయింట్ 4 ఎంబీని ఓఎస్‌డీ 12కి పంపుతుంది. మిగతా రెండూ ఉన్నాయని తెలిసినా వాటి జోలికి పోదు. 12 ఆ పనికి ఒక వెర్షన్ నంబర్ ఇస్తుంది, పీజీ లాగ్‌లో ఒక పద్దు తయారుచేస్తుంది, డేటానీ ఆ పద్దునీ కలిపి 47కీ 80కీ పంపిస్తుంది. అవి రాసేదాకా చేతులు కట్టుకుని కూర్చోదు, తన డిస్క్‌లో రాయడం కూడా అప్పుడే మొదలుపెడుతుంది. 47 నుంచి "రాశాను" అని జవాబు, 80 నుంచి ఇంకోటి, తన సొంత డిస్క్ నుంచి మూడోది. మూడూ చేరాకే క్లయింట్‌కి "అయింది" అంటుంది.

కాబట్టి రాత వేగం మూడింట్లో అతి నెమ్మది ఓఎస్‌డీ వేగమే. రెండు కొత్త ఎన్‌వీఎంఈలు (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీలు), ఒక ముసలి హార్డ్ డిస్క్ కలిస్తే క్లయింట్‌కి కనిపించేది ముసలి డిస్క్ ఒక్కటే. ఒక రిక్వెస్ట్ 30 సెకన్లు దాటితే 'స్లో ఆప్స్' (నెమ్మదించిన పనులు) అని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక ఎక్కువగా ప్రైమరీ పేరు మీద వస్తుంది, ఎదురుచూస్తున్నది అదే కాబట్టి. చాలామంది అక్కడే 12ని రీస్టార్ట్ చేసేస్తారు. ఆగండి. 12 అడ్మిన్ సాకెట్ (డీమన్‌ని నేరుగా ప్రశ్నించే దారి) ద్వారా నడుస్తున్న ఆప్స్‌ని డంప్ చేయించండి. ప్రతి ఆప్ దగ్గరా దాని ప్రయాణం సమయాలతో సహా ఉంటుంది, చివర్లో 'వెయిటింగ్ ఫర్ సబ్‌ఆప్స్ ఫ్రమ్ 47' లాంటి మాట కనిపిస్తుంది. పది ఆప్స్‌లో తొమ్మిదింటి చివర 47 ఉంటే దొంగ ఎవరో తేలినట్టే.

చదవడం ఇంత తతంగం కాదు. మామూలుగా ప్రైమరీ ఒక్కటే చదివి ఇచ్చేస్తుంది.

## మధ్యలో టీసీపీ కనెక్షన్ తెగితే ఆ మెసేజ్ పోయినట్టేనా?

ఓఎస్‌డీకి ఓఎస్‌డీకి మధ్య అయితే పోదు. మెసెంజర్ అనే పొర ప్రతి మెసేజ్‌కీ వరస నంబర్ వేస్తుంది. తెగిన కనెక్షన్ మళ్లీ కలిసినప్పుడు "నీ దగ్గర ఎంతవరకు ఉంది?" అని అడిగి, అక్కడినుంచి అదే వరసలో పంపుతుంది. క్లయింట్ కనెక్షన్‌కి ఆ మర్యాద లేదు. తెగితే తెగిందే, జవాబు రాని రిక్వెస్ట్‌ని క్లయింటే మళ్లీ పంపాలి. హార్ట్‌బీట్‌కీ (ఓఎస్‌డీలు ఒకదాన్నొకటి "ఉన్నావా?" అని అడిగే పలకరింపు) అంతే, నిన్నటి పలకరింపుని ఇవాళ అందించి ప్రయోజనం లేదు కదా.

## ఎరేజర్ కోడింగ్ పూల్‌లో ట్రాఫిక్ తగ్గుతుందా, పెరుగుతుందా?

ఎరేజర్ కోడింగ్ అంటే పూర్తి కాపీలకి బదులు డేటాని ముక్కలు చేసి, పోయినదాన్ని మళ్లీ కట్టడానికి అదనపు (పారిటీ) ముక్కలు జోడించడం. రాసేటప్పుడు తగ్గుతుంది, చదివేటప్పుడు పెరుగుతుంది. 4+2 పూల్‌లో అదే 4 ఎంబీని ప్రైమరీ 1 ఎంబీ చొప్పున నాలుగు ముక్కలు చేసి, ఇంకో రెండు పారిటీ ముక్కలు కడుతుంది. ఒకటి తన దగ్గర ఉంచుకుని అయిదు పంపుతుంది, అంటే 5 ఎంబీ. మూడు కాపీల పద్ధతిలో అదే పనికి 8 ఎంబీ వెళ్లేది. కానీ మొత్తం చదవాలంటే ఇంకో మూడు ఓఎస్‌డీల నుంచి ముక్కలు తెప్పించుకోవాలి. ఒక డిస్క్ పోయి ముక్కని మళ్లీ కట్టాల్సి వస్తే నాలుగు చోట్ల నుంచి లాగాలి. ఆర్కైవ్‌కి ఇది దివ్యం. చిన్న చిన్న రాతలు నిమిషానికి వేలల్లో వచ్చే డేటాబేస్‌కి నేనైతే పెట్టను.

## పబ్లిక్ నెట్‌వర్క్, క్లస్టర్ నెట్‌వర్క్ రెండూ వేరుగా ఉండాలా?

తప్పనిసరి కాదు. పబ్లిక్‌లో క్లయింట్లు, మానిటర్లు ఉంటాయి. క్లస్టర్ నెట్‌వర్క్ పెడితే కాపీల రాతలు, రికవరీ అటు వెళతాయి. మూడు కాపీల పూల్‌లో క్లయింట్లు సెకనుకి 1 జీబీ రాస్తే లోపల 2 జీబీ తిరుగుతుంది. అందుకే 10 గిగాబిట్ కార్డుల రోజుల్లో వేరు చెయ్యడం తెలివైన పని. ఇప్పుడు 25, 100 గిగాబిట్ కార్డులు చేతిలో ఉన్నప్పుడు రెండు పోర్టుల్ని బాండ్ చేసి (ఒకే లింక్‌లా కలిపి) ఒకే నెట్‌వర్క్ పెట్టుకోవడమే నాకు నచ్చుతుంది. రెండు దారులుంటే సగం చెడిపోయే అవకాశం కూడా వస్తుంది. పూర్తిగా చెడిపోయిన నెట్‌వర్క్‌ని పట్టుకోవడం తేలిక, సగం చెడినదే ప్రాణం తీస్తుంది. ఎలాగో కింద చెప్తాను.

## ఫైర్‌వాల్‌లో ఏ పోర్టులు తెరవాలి?

మానిటర్లకి 3300, పాత ప్రొటోకాల్‌కి 6789. ఓఎస్‌డీలకి 6800 నుంచి 7300 వరకు, కొత్త వెర్షన్లలో 7568 వరకు. ఒక్కో ఓఎస్‌డీ నాలుగు చెవులతో వింటుంది: క్లయింట్లకి ఒకటి, తోటి ఓఎస్‌డీల డేటాకి ఒకటి, హార్ట్‌బీట్‌కి రెండు వైపులా రెండు. పాత, కొత్త ప్రొటోకాల్స్ రెండూ నడుస్తుంటే ఆ లెక్క రెట్టింపు. "క్లయింట్ పోర్ట్ తెరిచాం కదా, చాలు" అనుకుని హార్ట్‌బీట్ పోర్టులు మూసేసినవాళ్లని చూశాను. డేటా వెళుతుంది, పలకరింపు వెళ్లదు, కాసేపటికి క్లస్టర్ అంతా ఎర్రగా మారుతుంది.

ఫైర్‌వాల్ కోసం కెర్నల్ రాసుకునే కనెక్షన్ ట్రాకింగ్ పట్టిక సంగతి కూడా చూడండి. ఓఎస్‌డీకి వంద పీజీలున్నాయనుకుంటే, ఒక్కోదానికి ఇంకో ఇద్దరు భాగస్వాములు. పెద్ద క్లస్టర్‌లో ఒక్క డీమన్‌కే రెండొందల దాకా చుట్టాలు తేలొచ్చు, ఒక్కొక్కరితో డేటాకి ఒకటి, హార్ట్‌బీట్‌కి రెండు కనెక్షన్లు. సర్వర్‌లో 24 డిస్కులుంటే గుణించుకోండి. పట్టిక నిండితే కెర్నల్ ప్యాకెట్లు పారేస్తుంది, సెఫ్ లాగ్‌లో దాని గురించి ఒక్క ముక్క ఉండదు. కెర్నల్ లాగ్ చూడాలి.

## హార్ట్‌బీట్ ఎవరు ఎవరికి పంపుతారు?

ఓఎస్‌డీలే ఒకదానికొకటి. మానిటర్ ప్రతి ఓఎస్‌డీ తలుపూ తట్టి "ఉన్నావా?" అని అడగదు. పీజీ పంచుకునే ఓఎస్‌డీలు, వాటికి తోడు ఇంకొన్ని కలిపి కనీసం పది మందిని ప్రతి ఓఎస్‌డీ కనిపెట్టుకుని ఉంటుంది. 6 సెకన్లకి మించకుండా, అందరూ ఒకేసారి పంపకుండా కొంచెం అటూ ఇటూగా పలకరిస్తుంది. పబ్లిక్ వైపు ఒకసారి, క్లస్టర్ వైపు ఒకసారి. రెండు వైపుల నుంచీ జవాబు రావాలి. ఒక వైపు రాకపోయినా రానట్టే లెక్క.

20 సెకన్లు జవాబు లేకపోతే మానిటర్‌కి ఫిర్యాదు వెళుతుంది. చావు కబురు చల్లగా చెప్పినట్టు ఈ 20 సెకన్లు ఏంటని అడుగుతారు. తొందరపడి బతికున్నవాడికి పాడె కట్టడం కన్నా 20 సెకన్లు ఆగడం మేలు, ఎందుకంటే 'డౌన్' అన్న ప్రతిసారీ మ్యాప్ మారి, దాని పీజీలన్నీ మళ్లీ పంచాయితీకి కూర్చోవాలి. ఒక్కరి మాట మీద మానిటర్ నమ్మదు కూడా. వేర్వేరు హోస్టుల నుంచి కనీసం ఇద్దరు చెప్పాలి. ఒకే సర్వర్‌లోని పన్నెండు ఓఎస్‌డీలు ఏకమై చెప్పినా అది ఒక్క సాక్ష్యమే. ఆ సర్వర్ కేబులే ఊడిపోయి ఉంటే దానికి లోకమంతా చచ్చినట్టే కనిపిస్తుంది మరి.

ఈ 20 సెకన్లు అన్నిసార్లూ పట్టవు. ప్రాసెస్ క్రాష్ అయి సర్వర్ బతికే ఉంటే, ఆ పోర్ట్‌కి వెళ్లినవాళ్లకి ఆపరేటింగ్ సిస్టమే "ఇక్కడెవరూ లేరు" అని కనెక్షన్ తిరస్కరిస్తుంది. తోటి ఓఎస్‌డీలు వెంటనే మానిటర్‌కి చెప్పేస్తాయి. పద్ధతిగా ఆపితే అదే వెళ్లేముందు చెప్పి వెళుతుంది. 20 సెకన్లూ నిండేది కరెంట్ పోయినప్పుడు, కేబుల్ ఊడినప్పుడు, కెర్నల్ బిగుసుకుపోయినప్పుడు, అంటే కాదనడానికి కూడా అవతల ఎవరూ లేనప్పుడు.

## లాగ్‌లో 'రాంగ్లీ మార్క్‌డ్ మీ డౌన్' అని ఉంది. అంటే?

"నేను బతికే ఉన్నాను మహాప్రభో, నన్ను పోయిన లెక్కలో ఎందుకు రాశారు?" అని ఓఎస్‌డీ అరుస్తోందని. మానిటర్ కొత్త మ్యాప్‌లో తను డౌన్ అని చూసుకుని, మళ్లీ పైకి వచ్చి పేరు నమోదు చేసుకుంటుంది. కాసేపటికి తోటివాళ్లు మళ్లీ ఫిర్యాదు చేస్తారు. మళ్లీ డౌన్, మళ్లీ అప్. దీన్ని ఫ్లాపింగ్ అంటారు.

నాకు ఇది ఒక పాత ఉద్యోగంలో తగిలింది. రాత్రి రెండు గంటలకి చిన్న పని: పాత స్విచ్ తీసి కొత్తది పెట్టడం. నెట్‌వర్క్ టీమ్ కేబుళ్లు మార్చింది, పింగ్ కొట్టి చూశాం, వెళ్లింది, టీ తాగడానికి దిగాం. కప్పు సగం కాకుండానే ఫోన్. ఓఎస్‌డీలు గుంపులు గుంపులుగా డౌన్ అవుతున్నాయి, నిమిషంలో లేస్తున్నాయి, మళ్లీ పడుతున్నాయి. సర్వర్లు బాగున్నాయి. డిస్కులు బాగున్నాయి. పింగ్ వెళుతోంది. గంటన్నర డిస్క్ కంట్రోలర్ల లాగులు తిరగేశాం, ఒకరు ఫర్మ్‌వేర్ బగ్ అని కూడా తీర్మానించేశారు.

తీరా చూస్తే మా క్లస్టర్ నెట్‌వర్క్ కార్డుల మీద ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 9000, కొత్త స్విచ్ మీద 1500. చిన్న ప్యాకెట్లు దర్జాగా వెళుతున్నాయి, పెద్దవి చప్పుడు లేకుండా మాయం. మామూలు పింగ్ 64 బైట్లది, దానికేం నొప్పి? సెఫ్ హార్ట్‌బీట్‌కి మాత్రం కావాలనే ఉత్త బైట్లు నింపి 2,000 బైట్లకి పెంచుతారు, సరిగ్గా ఇలాంటి తప్పు బయటపడాలని. మేం దాన్ని శాపం అనుకున్నాం గానీ నిజానికి అదే కాపాడింది. అది లేకపోతే పలకరింపులు వెళుతూ, డేటా మాత్రం వేలాడుతూ, ఏ హెచ్చరికా లేకుండా వర్చువల్ మెషీన్లన్నీ బిగుసుకుపోయేవి. మరి మళ్లీ ఎందుకు లేస్తున్నాయంటారా? మానిటర్‌తో మాట్లాడేది పబ్లిక్ నెట్‌వర్క్‌లో, అది బాగానే ఉంది. అటు తిరిగి "ఉన్నాను" అంటుంది, ఇటు తిరిగితే తోటివాళ్లకి వినపడదు. సగం చెడిన నెట్‌వర్క్ అన్నది ఇదే.

అప్పటినుంచి స్విచ్ ముట్టుకున్న ప్రతిసారీ నేను కొట్టే పింగ్ వేరు: ముక్కలు చేయొద్దన్న షరతుతో, 8,972 బైట్లతో. హెడర్లు 28 కలిపితే 9,000. ప్రతి సర్వర్ నుంచి ప్రతి సర్వర్‌కి, రెండు నెట్‌వర్కుల మీదా.

10 నిమిషాల్లో అయిదుసార్లకి మించి ఇలా డౌన్ అయితే ఆ ఓఎస్‌డీ విసిగిపోయి తనంతట తనే ఆగిపోతుంది. అదీ ఒక రకంగా మంచిదే, పడి లేచేదాని కన్నా పడి ఉన్నది తక్కువ నష్టం.

## డౌన్, అవుట్ ఒకటేనా?

కాదు. డౌన్ అంటే పలకడం లేదు. అవుట్ అంటే దాని వాటా వేరేవాళ్లకి పంచేశారు. డౌన్ అయిన 10 నిమిషాలకి మానిటర్ అవుట్ చేస్తుంది, అప్పుడు డేటా కదలడం మొదలవుతుంది. సర్వర్ రీబూట్ చేసే ముందు 'నోఅవుట్' (ఎవర్నీ అవుట్ చేయొద్దన్న సెట్టింగ్) పెట్టండి, పని కాగానే తీసేయండి. తీయడం మర్చిపోవడం మన జాతీయ అలవాటు.

## పీరింగ్ అంటే ఏంటి? అప్పుడు రాతలు ఎందుకు ఆగుతాయి?

ఒక పీజీలోని ఓఎస్‌డీలు కూర్చుని "మన దగ్గర ఉన్నదాంట్లో ఏది సరైనది?" అని తేల్చుకోవడం పీరింగ్. అది తేలేదాకా ఆ పీజీకి రాయడం, చదవడం ఆగుతాయి. మామూలుగా ఇదంతా కొన్ని సెకన్లలో, ఒక్కోసారి ఇంకా ముందే అయిపోతుంది.

47 అయిదు నిమిషాలు డౌన్‌లో ఉండి తిరిగొచ్చిందనుకోండి. ఆ అయిదు నిమిషాల్లో 12, 80 కలిసి రెండొందల రాతలు చేశాయి. ప్రైమరీ ముందు అందరినీ అడుగుతుంది: మీ చివరి వెర్షన్ ఎంత? ఎవరి లాగ్ అన్నిటికన్నా ముందుకు ఉందో చూసి దాన్ని ప్రామాణికంగా తీసుకుంటుంది. 47 లాగ్‌ని దానితో పోల్చి, ఈ రెండొందలు నీ దగ్గర లేవని జాబితా రాస్తుంది. పీజీ మళ్లీ పనిలో పడుతుంది, ఆ రెండొందలు వెనకాల మెల్లగా నిండుతాయి. దీన్ని రికవరీ అంటారు. 47 చాలాసేపు లేకపోతే లాగ్‌లో పాత పద్దులు కత్తిరించేసి ఉంటాయి, ఏది తప్పిందో చెప్పే ఆధారం ఉండదు. అప్పుడు ఆబ్జెక్టులన్నీ మొదటి నుంచి చివరిదాకా పోల్చుకుంటూ పోవాలి, అది బ్యాక్‌ఫిల్.

ఇక్కడ ఒక కఠినమైన నియమం ఉంది. గతంలో ఏ కాలంలోనైనా ఈ పీజీకి రాతలు జరిగి ఉండే అవకాశం ఉంటే, ఆ కాలంలో ఉన్నవాళ్ల నుంచి సమాచారం వచ్చేదాకా ప్రైమరీ ముందుకు వెళ్లదు. మిన్-సైజ్ (రాతలు తీసుకోవడానికి ఉండాల్సిన కనీస కాపీలు) 1 పెట్టినవాళ్లు దీనికే బలవుతారు. 12, 47 రెండూ పడిపోయాయి. 80 ఒంటరిగా రాతలు తీసుకుంది, ఎందుకంటే ఒక్కరున్నా చాలని మీరే అన్నారు. తర్వాత 80 డిస్క్ పోయింది. 12, 47 తిరిగొచ్చాయి. రెండు కాపీలు కళ్ల ముందు ఉన్నాయి, అయినా పీజీ కదలదు. 80 దగ్గర కొత్త రాతలు ఉండొచ్చు కదా, వాటిని కాదని పాత డేటా ఎలా ఇస్తుంది? పీజీని క్వెరీ చేస్తే ఏ ఓఎస్‌డీ కోసం ఆగిందో చెబుతుంది. ఆ డిస్క్ ఇక రాదని మీరు చేత్తో ఒప్పుకుంటే తప్ప విడవదు. ఒప్పుకున్నారంటే ఆ రాతలు పోయినట్టే. మూడు కాపీలకి మిన్-సైజ్ 2. చర్చ లేదు.

## రికవరీ మొదలైతే క్లయింట్లు నలిగిపోవా?

అడ్డు లేకపోతే నలిగిపోతాయి. అందుకే బ్యాక్‌ఫిల్ మొదలుపెట్టే ముందు ప్రైమరీ తన దగ్గర ఒక స్లాట్, అవతలి ఓఎస్‌డీ దగ్గర ఒక స్లాట్ బుక్ చేసుకోవాలి. డీఫాల్ట్‌గా ఓఎస్‌డీకి ఒక్కటే స్లాట్, అది దొరికేదాకా 'బ్యాక్‌ఫిల్ వెయిట్'. ఆ మాట చూసి కంగారుపడకండి, క్యూలో ఉంది అంతే. 'బ్యాక్‌ఫిల్ టూఫుల్' చూస్తే మాత్రం పడండి: అవతలి డిస్క్ 90 శాతం దాటింది, ఇక తీసుకోనంటోంది. 95 శాతానికి రాతలే ఆగుతాయి.

## కాపీలన్నీ ఒకటేనని ఎవరు చూస్తారు?

స్క్రబ్. రోజుకోసారి పైపైన సైజులు, వివరాలు పోలుస్తారు. వారానికోసారి డీప్ స్క్రబ్, అందులో డేటా మొత్తం చదివి చెక్‌సమ్ కడతారు. డేటా నెట్‌వర్క్ మీద వెళ్లదు, ప్రతివాళ్లూ తమ డిస్క్ చదివి లెక్క మాత్రమే ప్రైమరీకి పంపుతారు. పేదవాడి పెళ్లిలా చవగ్గా కనిపిస్తుంది గానీ డిస్క్‌కి మాత్రం భారమే.

## ఈ మాటలు ఎవరైనా దొంగచాటుగా వినొచ్చా?

2019లో వచ్చిన నాటిలస్ వెర్షన్ దాకా వినొచ్చు. సెఫెక్స్ పద్ధతిలో ఎవరెవరో గుర్తింపు జరిగేది గానీ, డేటా మాత్రం తెరిచిన పుస్తకమే. నాటిలస్‌తో మెసెంజర్ రెండో వెర్షన్ వచ్చింది. దాంట్లో రెండు రీతులు: సీఆర్‌సీ అంటే పాడవలేదని తేల్చుకోవడం మాత్రమే, సెక్యూర్ అంటే ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేయడం. ఓఎస్‌డీల మధ్య డీఫాల్ట్‌గా సీఆర్‌సీనే ఉంటుంది. సెక్యూర్ పెడితే సీపీయూ కొంచెం తింటుంది. మీ రాక్, మీ స్విచ్ అయితే మీ ఇష్టం. అద్దె డేటా సెంటర్‌లో వేరేవాళ్లతో స్విచ్ పంచుకుంటుంటే పెట్టేయండి.

సెఫెక్స్ టికెట్లకి గడువు ఉంటుంది కాబట్టి గడియారాలు కలవాలి. మానిటర్ల మధ్య 0.05 సెకన్ల తేడా వచ్చినా హెచ్చరిక వస్తుంది. టైమ్ సింక్ లేకుండా క్లస్టర్ పెట్టడం ముహూర్తం చూడకుండా గృహప్రవేశం చేసినట్టు కాదు, తలుపే లేకుండా చేసినట్టు.

## ఓఎస్‌డీలు సగం హైదరాబాద్‌లో, సగం విశాఖలో పెట్టొచ్చా?

మేనేజర్లు ఏటా అడిగే ప్రశ్న. రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. పోవడానికి 3 మిల్లీసెకన్లు, రావడానికి 3. స్విచ్‌లూ మలుపులూ ఏమీ లేకుండానే 6. పైన చెప్పినట్టు ప్రతి రాతా ఆఖరి కాపీ జవాబు వచ్చేదాకా ఆగాలి. లోపల 1 మిల్లీసెకన్‌లో అయ్యే రాత 7 అవుతుంది, డేటాబేస్ వాళ్లు మీ సీటు దగ్గరికి వస్తారు. పైగా మధ్యలో లింక్ తెగితే ఏ ఊరు బతికుందో తేల్చడానికి మూడో ఊళ్లో ఒక మానిటర్ కావాలి. రెండు ఊళ్లలో రెండు వేర్వేరు క్లస్టర్లు పెట్టి, బ్లాక్ డివైజ్‌లకి (వర్చువల్ డిస్కులకి) ఆర్‌బీడీ మిర్రరింగ్, ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి మల్టీసైట్ వాడండి. అవి వెనకాల తీరిగ్గా కాపీ చేస్తాయి. ప్రమాదంలో ఆఖరి కొన్ని క్షణాల డేటా పోవచ్చని ముందే కాగితం మీద సంతకం తీసుకోండి.

## నెట్‌వర్క్ మీద అనుమానం ఉంది. మొదట ఎక్కడ చూడాలి?

'సెఫ్ హెల్త్ డీటెయిల్' కమాండ్ కొట్టి చూడండి. హార్ట్‌బీట్ రావడానికి 1 సెకను దాటుతుంటే నాటిలస్ నుంచి 'స్లో ఓఎస్‌డీ హార్ట్‌బీట్స్' అని, ఏ వైపు, ఏ ఓఎస్‌డీ నుంచి ఏ ఓఎస్‌డీకి అన్నదాంతో సహా చూపిస్తుంది. ఆ జంటల్ని కాగితం మీద రాయండి. ఒక హోస్ట్ పేరు అన్ని జంటల్లోనూ ఉంటే దాని కార్డో కేబులో. ఒక రాక్ నుంచి ఇంకో రాక్‌కి వెళ్లేవే ఉంటే మధ్య స్విచ్.

జంటలకి ఏ పొంతనా లేకపోతే, 12 నుంచి 47కి బాగుండి 12 నుంచి 48కి బాగోకపోతే, 47, 48 ఒకే పెట్టెలో ఉన్నవైతే, బాండ్‌లో ఒక కాలు విరిగిందేమో చూడండి. బాండ్‌లో ఒక్కో టీసీపీ కనెక్షన్ ఒక్కో కేబుల్‌కే అంటుకుంటుంది. రెండు కేబుళ్లలో ఒకటి ప్యాకెట్లు పారేస్తుంటే, దాని మీద పడ్డ కనెక్షన్లకి మాత్రమే జ్వరం. పింగ్ మంచి కేబుల్ మీద వెళ్లి "అంతా క్షేమం" అని వస్తుంది. సర్వర్‌లో రెండు ఇంటర్‌ఫేస్‌ల ఎర్రర్ కౌంటర్లు విడివిడిగా చూడండి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. ఏది పెరుగుతుంటే ఆ కేబుల్ పీకి, ఇంకోటి పెట్టి, పాతదాన్ని అక్కడే రెండుగా కత్తిరించి పారేయండి. డ్రాయర్‌లో పెడితే ఆర్నెల్లకి ఎవరో ఒకరు మళ్లీ తెచ్చి పెడతారు.